దసరాకు మా ఇంట్లో దిగేవాళ్ళు

పోయిన దసరాకు ప్రొద్దుటూరు పోయినప్పుడు అమ్మవారిశాల వీధి మొదట్లో ఒక కాలేజీ పిల్ల నన్ను ఆపింది. చేతిలో ఫోను, మెడలో కాలేజీ కార్డు, ఎండకు వాడిపోయిన మొహం. పండక్కి బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళను ప్రశ్నలడిగి రాసుకొని రమ్మని వాళ్ళ సారు పంపించాడట. ఏ ఊరు, మొదటిసారి వచ్చారా, ఏటా వస్తారా, తిండికెంత, బట్టలకెంత, బంగారానికెంత ఖర్చు పెడతారు, వచ్చే ఏడు మళ్ళీ వస్తారా. మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళే ఎక్కువ ఖర్చు పెడతారా లేదా అన్నది వాళ్ళు తేల్చుకోవాలట. నాది జమ్మలమడుగు అన్నాను. ఏటా వస్తానన్నాను. ఖర్చంటావా, ఆడవాళ్ళకు బస్సు కూడా ఊరికే కదమ్మా అంటే ఆ పిల్ల నవ్వింది.

"యాడ దిగినారవ్వా?" అని అడిగింది. లాడ్జిలోనా, సత్రంలోనా, చుట్టాల ఇంట్లోనా.

నేను ఆ పిల్ల భుజం మీదుగా వీధిలోకి చూశాను. ఆ పిల్ల నిలబడిన చోటికి కొంచెం అవతల, ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్మే అంగడి ఉన్న చోట, ఒకప్పుడు మా ఇల్లుండేది. యాడా దిగలేదు, ఊళ్ళో తిరిగే అమ్మవారి మెరవణి చూసుకొని బస్సెక్కి పోతాను అని చెప్పాను. రాసుకొని ఇంకొకరి దగ్గరికి పోయింది. నేను మూసి ఉన్న ఒక అంగడి మెట్టు మీద కూర్చున్నాను. మా ఇంట్లో దిగేవాళ్ళు గుర్తుకొచ్చారు.

మా ఇల్లూ అంగడీ ఒకటే. వీధి వైపు బట్టలంగడి, దాని వెనక నడవ, ఆ వెనక మేముండే గదులు. మామూలు రోజుల్లో ఇల్లంతా గంజి పెట్టిన కొత్త గుడ్డల వాసనే. దసరా వస్తే దాని మీద ఇంకెన్నో వాసనలు వచ్చి చేరేవి. అమ్మ ఓళిగల కోసం ఉడకబెట్టిన బేడల్లో బెల్లం కలిపే వాసన, వీధిలో కారం దోసెలు పోసే పెనం మీద మాడే ఎర్రగడ్డల వాసన, గుడి వైపు నుంచి సాంబ్రాణి, మెరవణి ముందు కూలివాళ్ళు నెత్తిన మోసే గ్యాసు లైట్ల కిరసనాయిలు వాసన. అమ్మవారికి రోజుకొక అలంకారం. అది చూడటానికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలి వచ్చేవి. లాడ్జీల సంగతి అప్పుడెవరికీ తెలియదు. తెలిసినవాళ్ళ ఇల్లే లాడ్జి. దువ్వూరు నుంచి మేనత్త, మామ, వల్లూరు నుంచి అమ్మ తరఫు వాళ్ళు వచ్చి దిగేవాళ్ళు. నడవలో చాపలు పరిస్తే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మనుషులే.

వాళ్ళందరికన్నా నేను ఎదురుచూసేది మాకు ఏ చుట్టరికమూ లేని ఒక కుటుంబం కోసం. పులివెందుల పెద్దనాయన, పెద్దమ్మ, నా ఈడుదైన వాళ్ళ కూతురు. వాళ్ళది తుమ్మలపల్లె పక్కన ఒక పల్లె. ఇప్పుడక్కడ యురేనియం గని ఉంది, గనిలో ఉద్యోగాలున్నాయి. అప్పుడు ఉండేది వానను నమ్ముకున్న చేను ఒక్కటే. వాన పడితే చెనిక్కాయలు, పడకపోతే ఏమీ లేదు.

నేను పుట్టకముందు ఒక దసరాకు, మెరవణి మధ్యలో పెద్ద వాన పట్టుకుందట. కొత్తగా పెళ్ళయిన ఆ ఇద్దరూ పరుగెత్తుకొచ్చి మా అంగడి అరుగెక్కి నిలబడ్డారు. పెద్దమ్మ తడిసి వణుకుతుంటే అమ్మ చూసి లోపలికి పిలిచింది. తన పొడిచీర ఒకటి కట్టించి, వేడివేడిగా అన్నం పెట్టింది. మరుసటి ఏడు పెద్దమ్మ ఆ చీరను ఉతికి మడతపెట్టి తెచ్చిచ్చింది. దాంతోపాటు పెద్దనాయన ఒక గోతాం పచ్చి చెనిక్కాయలు మా నడవలో దించాడు. అప్పటి నుంచి ఏ దసరాకూ వాళ్ళు ఇంకోచోట దిగలేదు.

నాయన, పెద్దనాయన ఒకరినొకరు మామా అనే పిలుచుకునేవాళ్ళు. ఎవరికి ఎవరు మామ అని అమ్మ అడిగితే ఇద్దరూ నవ్వేవాళ్ళు. పెద్దనాయన మంచి పొడగరి, మాట మాత్రం మెత్తన. మా అంగడి అరుగు మీద ఉడకబెట్టిన చెనిక్కాయలు చాటలో పోసుకొని, వలుచుకుంటూ, పొట్టు కుప్పగా పోస్తూ, వచ్చేపోయే జనాన్ని చూస్తూ ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు. వాన ఎప్పుడు పడింది, ఎక్కడ పడింది, పక్క ఊరి మీద పడి తమ ఊరిని ఎట్లా వదిలేసింది, ఇదే మాట. అది అయిపోతే అలంకారాల మాట. పోయిన తూరి అలంకారమే అలంకారం, ఈ తూరి ఏముంది అని పెద్దనాయన ప్రతి ఏడూ అనేవాడు. పోయినేడు కూడా ఇదే మాట అన్నావని నాయన ప్రతి ఏడూ గుర్తు చేసేవాడు.

నాకూ వాళ్ళ కూతురికీ ఆ రోజుల్లో చేతినిండా పని. అంగట్లో తానుల చివర కత్తిరించిన ముక్కలు దొంగిలించి బొమ్మలకు చీరలు కట్టేవాళ్ళం. తప్పెట్ల వాళ్ళ వెనకా, కీలుగుర్రాల వెనకా వీధి చివరి దాకా పోయి తిట్లు తినేవాళ్ళం. అన్నిటికన్నా పెద్ద పని పెద్దనాయన చెప్పులు దాచడం. ఆయనవి కిర్రుకిర్రుమనే తోలు చెప్పులు. దశమి అయిన మరునాడు వాళ్ళు ఊరికి బయలుదేరాలి. ముందుగానే ఆ చెప్పులు తీసి దాచేస్తే బస్సు తప్పిపోతుంది, ఇంకొక రోజు ఉంటారు. ఆయన నడవంతా వెతుకుతూ, ఈ ఇంట్లో దొంగలు పడ్డారు, పోలీసులను పిలవాలి అంటూ తిరిగేవాడు. మేము నోరు మూసుకొని నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం. చెప్పులు ఎక్కడున్నాయో ఆయనకు తెలుసని పెద్దయ్యాక అర్థమైంది. తెలిసి కూడా బస్సు పోనిచ్చేవాడు.

ఏడాదికి కావలసిన గుడ్డలన్నీ వాళ్ళు మా అంగట్లోనే తీసుకునేవాళ్ళు. మహర్నవమి నాడు పొద్దున్నే, ఇంకా జనం రాకముందు, అంగట్లో తెల్లటి పరుపు మీద కూర్చునేవాళ్ళు. పెద్దమ్మకు ఒక చీర కుదరాలంటే సగం అంగడి కింద పడాలి. రంగు నచ్చితే అంచు నచ్చదు, అంచు నచ్చితే కొంగు నచ్చదు. నాయన విసుక్కోకుండా ఒక్కొక్కటే విప్పి పరిచేవాడు. పెద్దనాయన బేరమాడేవాడు కాదు. నాయన లాభం చూసేవాడు కాదు. దుడ్లు చేతులు మారేటప్పుడు మాత్రం ఇద్దరూ సిగ్గుపడినట్టు మొహాలు చెరొక పక్కకు తిప్పుకునేవాళ్ళు. చిన్నప్పుడు నాకది నవ్వులాటగా ఉండేది.

నాకు పరికిణీ, వోణీ వేసే వయసు వస్తున్నప్పుడు ఒక ఏడు చుక్క వాన పడలేదు. దసరాకు వాళ్ళు వచ్చారు కానీ గోతాం రాలేదు. తువ్వాలులో మూట కట్టిన సీతాఫలాలు తెచ్చి పెద్దమ్మ అమ్మ చేతికిచ్చింది. వాళ్ళ ఊరి గుట్ట మీద కాసినవి. ఒక్కొక్కటి నిమ్మకాయంత, లోపలంతా గింజలే. పెద్దమ్మ కట్టుకున్నది పోయినేడు మా అంగట్లో తీసుకున్న చీరే. ఆ ఏడు చాటలోకి అమ్మ పక్క అంగడి నుంచి బొరుగులు తెప్పించి పోసింది. పెద్దనాయన అవి ఒకటొకటిగా నోట్లో వేసుకుంటూ కూర్చున్నాడు. వాన మాట ఎవరూ ఎత్తలేదు.

నవమి నాడు పొద్దున నాయన అంగడి తెరిచి, పరుపు దులిపి, రా మామా అని పిలిచాడు. పెద్దనాయన అరుగు మీద నుంచి లేవలేదు. ఈ తూరి గుడ్డలేం వద్దు మామా, ఉండేటివి బాగానే ఉండాయి, పండగ చూసి పోదామని వచ్చినాం అన్నాడు. నాయన సరేనన్నాడు. రోజంతా ఏదో ఆలోచించుకుంటూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఇంట్లో దిగినవాళ్ళంతా నడవలో చేరారు. మేము అలవాటు ప్రకారం, ఈ తూరి ఇంకా ముందుగానే, పెద్దనాయన చెప్పులు తీసుకుపోయి బియ్యం గూన వెనక దాచి వచ్చి కూర్చున్నాం. నాయన అంగట్లో నుంచి ఒక మూట తెచ్చి అందరి ముందూ పెద్దనాయన దగ్గర పెట్టాడు. పైన పెద్దమ్మకు నచ్చే వంకాయరంగు చీర కనిపిస్తోంది. కింద పంచెలు, వాళ్ళ కూతురికి పరికిణీ గుడ్డ.

"ఇది తీసుకో మామా. దుడ్ల మాట ఎత్తొద్దు. ఇన్నేండ్లుగా మా అంగడి తప్ప ఇంకో అంగడి గడప తొక్కలేదు నువ్వు. నీలాంటి గిరాకికి ఈ మాత్రం చేయకపోతే ఎట్లా?"

నాయన ప్రేమతోనే అన్నాడు. పుట్టినప్పటి నుంచి అంగట్లో పెరిగిన మనిషి, మనసులో ఉన్నది చెప్పడానికి ఆయనకు దొరికింది అంగడి మాటే.

పెద్దనాయన మూట వైపు చూడలేదు. నాయన మొహంలోకి చూశాడు.

"అట్లయితే ఇన్నేండ్లు మీ ఇంటికి నేను గిరాకిగా వస్తాండానా మామా?"

గొంతు పెంచలేదు. అడగాల్సిన మాట అడిగినట్టే అడిగాడు. నాయన ఏదో చెప్పబోయేలోపల, గోడకు ఆనుకొని వక్కాకు నములుతున్న దువ్వూరు మామ అందుకున్నాడు.

"ఊరికే ఇస్తాంటే తీసుకో అప్పా, కరువు కాలంలో."

పెద్దమ్మ కూతురి చెయ్యి పట్టుకొని దగ్గరకు లాక్కుంది. అమ్మ వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడిపోయింది. పెద్దనాయన లేచి, మెరవణి చూసి వస్తామని, అమ్మవారి ముందుకు ఎప్పుడూ పోయినట్టే చెప్పులు లేకుండా, పెద్దమ్మనూ కూతురినీ తీసుకొని బయటికి పోయాడు. మూట అక్కడే ఉండిపోయింది.

మరుసటి పొద్దున్నే వాళ్ళు బయలుదేరారు. ఆ రోజే దశమి, పండగ ఇంకా కానే లేదు. ఊరంతా తొట్టి మెరవణి కోసం పూలు కట్టుకుంటోంది. అమ్మవారిని పూలతొట్టిలో ఊరేగించే, ఏడాది మొత్తం ఎదురుచూసే మెరవణి అది. అది చూడకుండా వాళ్ళు పోవడం ఎప్పుడూ లేదు. చేను దగ్గర పనుందని పెద్దనాయన చెప్పాడు. ఎండిన చేను దగ్గర ఏం పనుంటుందని ఎవరూ అడగలేదు. అమ్మ పెద్దమ్మ చేతులు పట్టుకుంటే, ఏముంది చెల్లీ, ఏమీ లేదు అని ఆమె అమ్మ చెయ్యి తట్టింది.

పెద్దనాయన ఎప్పుడూ చెప్పులు విడిచే చోటికి వచ్చి ఒక్క క్షణం నిలబడ్డాడు. ఎక్కడా వెతకలేదు. ఎవరినీ అడగలేదు. మెట్లు దిగి వీధిలోకి ఉత్త కాళ్ళతో నడిచాడు. చెప్పులు ఎక్కడున్నాయో ఆయన కూతురికి తెలుసు. అది నా వైపు ఒక చూపు చూసి, నోరు విప్పకుండా తండ్రి వెనక పోయింది. నేను లోపలికి పరుగెత్తి గూన వెనక చెయ్యి పెట్టి చెప్పులు లాగి వీధిలోకి వచ్చేసరికి వాళ్ళు మలుపు తిరిగిపోయారు. మలుపు దాకా పరుగెత్తాను. అప్పటికే ఊళ్ళోకి దిగుతున్న పల్లెల జనంలో వాళ్ళు కనిపించలేదు.

పండగ అయిన కొన్ని వారాలకు నాయన ఆ చెప్పులను పేపర్లో చుట్టుకొని పులివెందుల బస్సెక్కాడు. సాయంత్రానికి తిరిగొచ్చి అమ్మకు అంతా చెప్పాడు. వాళ్ళు బాగా చూసుకున్నారట. పెద్దమ్మ జొన్నరొట్టె, చెనిగ్గింజల పొడి పెట్టిందట, అందరినీ పేరుపేరునా అడిగిందట. పెద్దనాయన చెప్పులు తీసుకొని మూలన పెట్టి, దీనికింత దూరం ఎందుకొచ్చినావు మామా అన్నాడట. మూట మాట ఆయన ఎత్తలేదు. నాయనకు ఎత్తడం చేతకాలేదు. వచ్చే దసరాకు రావాలని మాత్రం అడిగాడు. వస్తాంలే మామా అని పెద్దనాయన అన్నాడు.

మరుసటి దసరాకు అమ్మ ఓళిగలు ఎక్కువ చేసింది. నేను బస్టాండు దాకా పోయి పులివెందుల బస్సులు చూసి వచ్చాను. వాళ్ళు రాలేదు. ఆ తరువాతి ఏడూ రాలేదు. వానలు మళ్ళీ పడ్డాయి, చెనిక్కాయలు పండాయి. మా నడవలోకి ఆ గోతాం మాత్రం రాలేదు. నాయన మనుషులతో కబురు పంపేవాడు. వస్తామన్నారని కబురు తిరిగొచ్చేది. అమ్మ ఎప్పుడూ నాయనను ఒక మాట అనే మనిషి కాదు. ఒక దసరాకు మాత్రం ఆపుకోలేకపోయింది.

"నేను చీర ఇస్తే ఆయమ్మ కట్టుకునింది కదా. మీరిస్తే ఎందుకు ముట్టుకోలేదో ఎప్పుడన్నా ఆలోచించినారా?"

"నువ్వు తడిసిందని ఇచ్చినావు. నేను..." అని నాయన ఆగిపోయాడు.

నాకు జమ్మలమడుగుకు పెళ్ళయింది. దసరా వస్తే ఇప్పుడు నేనే పుట్టింటికి చుట్టాన్ని. అట్లా ఒక ఏడు చంకలో బిడ్డతో ప్రొద్దుటూరు బస్సెక్కితే, కిటికీ పక్కన పెద్దమ్మ కూర్చొని ఉంది. పులివెందుల నుంచి వస్తున్న బస్సు అది. తల నెరిసింది కానీ అదే మొహం. నన్ను చూసి గుర్తుపట్టి, బిడ్డను తీసుకొని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పెద్దనాయన వెనక సీట్లలో మగవాళ్ళ దగ్గర ఉన్నాడు. కూతురు కాన్పుకు వచ్చి ఇంట్లో ఉందని చెప్పింది. పండక్కేనా పెద్దమ్మా, ఇన్నేళ్ళకు వస్తున్నారా అని నేను సంబరంగా అడిగాను.

"ఇన్నేండ్లకేంది మ్మే, ఏటా వస్తానే ఉండాం" అంది. "అమ్మవారిని చూడకుండా ఒక్క ఏడన్నా ఉండగలమా?"

ఏటి వైపు ఉన్న ఒక సత్రంలో దిగుతారట. గుడ్డలు ఎక్కడ తీసుకుంటారని అడిగాను. ఎందుకడిగానో తెలియదు, అంగడి బిడ్డను కదా.

"జమ్మలమడుగులో తీసుకుంటాండాం. పొద్దుటూర్లో ఇంకో అంగడి గడప తొక్కేదానికి మీ పెద్దనాయన ఒప్పుకోడు."

ఆ తరువాత బిడ్డ కాళ్ళు నిమురుతూ తనంతట తానే చెప్పింది. దశమి నాడు మెరవణి మా అంగడి ముందు ఆగుతుంది. నాయన మెట్ల మీద నిలబడి అమ్మవారికి టెంకాయ కొడతాడు. వాళ్ళిద్దరూ వీధికి అవతలి పక్క జనంలో నిలబడి అది చూసి, సత్రానికి పోతారట. ఈ మాట ఇంట్లో చెప్పొద్దని ఆమె అనలేదు. చెప్పమనీ అనలేదు. బస్సు దిగాక పెద్దనాయన నా తల మీద చెయ్యి పెట్టి, బాగుండావా పాపా అని అడిగి ముందుకు నడిచాడు.

నేను ఇంటికి పోయి నాయనకు అంతా చెప్పాను. ఆయన లెక్కలు చూస్తున్నవాడల్లా ఆగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏటా వస్తాండారా అని మాత్రం అడిగాడు. దశమి నాడు మెరవణి మా అంగడి ముందు ఆగింది. నాయన టెంకాయ పట్టుకొని అమ్మవారి వైపు కాకుండా వీధి అవతలికి చూస్తూ నిలబడిపోయాడు. పూజారి ఇంకొకసారి పిలవాల్సి వచ్చింది. నాయన పక్కనే ఉన్న నేను కూడా చూశాను. తొట్టి మీది పూలకూ లైట్లకూ మధ్య సందులో, అందరికన్నా ఒక తల పొడుగ్గా పెద్దనాయన కనిపించాడు. ఆయన కూడా నాయననే చూస్తున్నాడు. తొట్టి కదిలి, అడ్డం తొలగేసరికి అక్కడ వేరే జనం ఉన్నారు.

మరుసటి పొద్దున నాయన సత్రానికి బయలుదేరాడు. అమ్మ ఓళిగలు డబ్బాలో పెట్టి ఇస్తే వద్దన్నాడు. తీసుకుపోయే వస్తువేదీ వద్దని చేతులూపుకుంటూ పోయాడు. ఆ సత్రం వరండాలో ఇద్దరూ కూర్చున్నారట. పెద్దమ్మ ఉడకబెట్టిన చెనిక్కాయలు పెట్టిందట. నాయన అవి కడుపునిండా తిన్నాడట. వాన గురించి మాట్లాడుకున్నారట. పోయిన తూరి అలంకారమే బాగుందని పెద్దనాయన అన్నాడట. లేచేటప్పుడు ఇంటికి రా మామా అని నాయన అడిగాడు. వస్తాలే మామా అని ఆయన అన్నాడు.

ఆ తరువాత ఏటా అంతే. దశమి మరునాడు నాయన సత్రానికి పోయి కూర్చొని వచ్చేవాడు. ఏటా రమ్మని అడిగేవాడు. ఆయన ఏటా వస్తానని చెప్పేవాడు. అమ్మా పెద్దమ్మా గుడిలో కలుసుకొని, స్తంభం పక్కన కూర్చొని కష్టసుఖాలు చెప్పుకునేవాళ్ళు. అంతకన్నా ఎవరూ ముందుకు జరగలేదు. మా ఇంట్లో ఆయన మళ్ళీ అన్నం తినాలని నాయనకు ఎంత ఉండేదో నాకు తెలుసు. ఆ ఒక్క కోరిక నోరు తెరిచి సూటిగా చెప్పుకోలేక, అలంకారాల గురించి మాట్లాడి తిరిగొచ్చేవాడు. ఇద్దరూ మంచివాళ్ళే. ఒక్క మాట, అప్పుడు తప్పయింది, నా నోట ఆ మాట రాకుండా ఉండాల్సింది అని నాయన అనుంటే, పెద్దనాయన ఆ పూటే చేతులు కడుక్కొని మా నడవలో కూర్చునేవాడేమో. ఏమో, కూర్చునేవాడు కాదేమో. అడిగి తెలుసుకోవడానికి ఇప్పుడు ఇద్దరూ లేరు.

ఒక ఎండాకాలం నాయన పోయాడు. కబురు ఎవరు చేర్చారో తెలియదు. మూడో నాడు మధ్యాహ్నం పెద్దనాయన ఒక్కడే వచ్చాడు. పెద్దమ్మకు అప్పటికే మోకాళ్ళు కదలడం లేదట. ఆయన మెట్లు పట్టుకొని మెల్లగా ఎక్కి, అంగడి దాటి, నడవలోకి వచ్చి, గోడ పక్కన కింద కూర్చున్నాడు. నాయన ఫోటో వైపు చాలాసేపు చూశాడు. అమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. నేను నీళ్ళు తెచ్చిస్తే తాగాడు. ఆయన మా ఇంటికి రావాలని, ఒక ముద్ద తినాలని అన్నేళ్ళు చూసిన ఇల్లు అది. వచ్చిన రోజున ఆ ఇంట్లో పొయ్యి మీద వచ్చినవాళ్ళకు పెట్టే వంట లేదు. మైలలో ఉన్న ఇల్లు, తినమని అడిగే వీలు కూడా అమ్మకు లేదు.

కాసేపటికి తువ్వాలు భుజాన వేసుకొని లేచాడు. చావింట్లో పోయొస్తామని చెప్పకూడదు. సాగనంపకూడదు, మళ్ళీ రమ్మని పిలవకూడదు. ఆయన మాట్లాడకుండా మెట్లు దిగాడు. అమ్మ తలుపు దగ్గరి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. నేను ఆమె వెనక నుంచి చూశాను. బయట ఎండ మండుతోంది. పూలదండలు లేవు, తప్పెట్లు లేవు, అంగళ్ళ ముందు జనం లేరు. ఆ ఖాళీ వీధి మధ్యలో అంత పొడగరి మనిషి చిన్నగా కనిపించాడు. పండగ లేని మా వీధిలో ఆయనను నేను చూడటం అదే మొదటిసారి. అదే చివరిసారి కూడా.